నాలుగో సందుకు రెండు నిమిషాలు

ఆ పేటలో ఎవరికి నెల తప్పిందో ఒక్కోసారి అత్తగారికన్నా ముందు తెలిసే మగవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. నీళ్లు వదిలే మనిషి. పేటలో పదకొండు సందులు, సందుకో వాల్వు, అన్నిటికీ కలిపి ఒకటే ట్యాంకు. భుజాన టీ ఆకారంలో ఉండే ఇనప రాడ్డు, ఎడమచేతికి రోజూ కీ ఇచ్చుకునే పాత వాచీ. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజు విడిచి రోజు, పొద్దున ఐదున్నరకు మొదటి సందులో గుంత మూత ఎత్తితే, పది దాటాక పదకొండో సందులో మూత వేస్తాడు. ఈ మధ్యలో ఒక నిమిషం అటూ ఇటూ అయిన రోజు లేదు. అందుకే పేట పేటంతా ఆయన్ని గడియారం అంటుంది. గడియారం బాబాయ్, గడియారం అన్న, గడియారం మావయ్య. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా పలకదు.

ఇంతకీ నెల తప్పిన సంగతి ఆయనకెందుకు తెలియాలి అంటారా? ఎప్పుడో ఒక పాత ఇంజనీరు పెట్టిన పద్ధతి అది. సందులో ఏ ఇంట్లోనైనా ఆడమనిషికి నాలుగో నెల వస్తే, ఆ సందుకు రెండు నిమిషాలు ఎక్కువ నీళ్లు. బిడ్డకు ఏడాది నిండేదాకా. బాలింత బట్టలు, పసిగుడ్డు బట్టలు, ఉతుకుడెక్కువ కదా అని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ సందు మొత్తానికి ఒకటే గొట్టం. రెండు నిమిషాలు ఒక ఇంటికే ఇవ్వడం ఆ ఇంజనీరు తరం కాదు, ఆయన్ని పుట్టించినవాడి తరమూ కాదు. పన్నెండిళ్లకూ వస్తాయి. దాంతో ఏమైందంటే, ఎవరి కడుపు పండినా సందంతా పండగ చేసుకోవడం మొదలైంది. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్లను "ఏమైనా విశేషమా" అని అడిగేవాళ్లలో సగం మంది కళ్లు బిందెల మీదే ఉండేవి.

చెప్పాల్సింది మాత్రం ఆ ఆడమనిషే. వాల్వు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "అన్నా, నాకు నాలుగో నెల" అంటుంది. ఆయన తలెత్తకుండా "సరేనమ్మా" అంటాడు. అంతే. చెప్పేదాకా ఇవ్వడు, చెప్పాక ఆపడు. అప్పుడప్పుడు, ఏడాదికో రెండేళ్లకో, ఇంకో రకంగా వచ్చి నిలబడేవాళ్లు కూడా ఉన్నారు. "ఆ రెండు నిమిషాలు ఇక అక్కర్లేదన్నా." దానికీ "సరేనమ్మా" అనేవాడు. ఎందుకని అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాడు. మళ్లీ నీళ్ల రోజున ఆ సందులో నీళ్లు రెండు నిమిషాలు ముందే ఆగిపోతే పన్నెండిళ్లూ కలిసి ఎవరి వైపు చూస్తాయో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఎలా ఉంటాడనుకున్నారు? అన్నం ముందు కూర్చున్నాడంటే జనాభా లెక్కలే. "నేను చేరినప్పుడు ట్యాంకులో నీళ్లు ఐదో మెట్టు దాకా ఉండేవి. ఇవాళ రెండో మెట్టు. ఇంకా కంటూనే ఉన్నారు. ఎవరు తాగాలి, ఎవరు ఎండాలి?" అని గిన్నెల మీద విసుక్కునేవాడు.

"మీరు నీళ్లు వదలండి చాలు. కనేవాళ్ల సంగతి కనేవాళ్లు చూసుకుంటారు" అనేది భార్య.

కోడలు మాత్రం ఏమీ అనేది కాదు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ముప్ఫై మిషన్ల వరుసలో ఒక మిషను ఆమెది. నాలుగేళ్ల కూతురు. మావగారు చెప్పేది వింటూ, పిల్లకు ముద్దలు పెడుతూ, తలూపేది. ఆ ఊపు వింటున్నానని ఊపో, ఒప్పుకున్నానని ఊపో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. నాలుగో సందులో చివరి ఇల్లు వాళ్లది. నాలుగో సందుకు పద్దెనిమిది నిమిషాలు.

ఒక ఆదివారం పొద్దున కోడలు దొడ్లో గోడ పట్టుకుని నిలబడటం చూశాడాయన. టీ గ్లాసు ముక్కు దాకా తెచ్చి పక్కన పెట్టేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా, ఇట్టే పట్టేశాడు. మొదటి కాన్పప్పుడూ ఇంతే, టీ వాసన పడేది కాదు. ఎవరికీ చెప్పలేదు. కానీ కాళ్లు నేల మీద ఆనలేదు. నోరు తెరిస్తే జనాభా పెరిగిందని గోలపెట్టే పెద్దమనిషికి ఇంత సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే అంతుపట్టలేదు.

సోమవారం నాలుగో సందులో పద్దెనిమిది నిమిషాలయ్యాయి. రాడ్డు వాల్వు మీద ఉంది. చెయ్యి తిరగలేదు. ఎవరూ చెప్పలేదు, నాలుగో నెలా కాదు, తన రూలు తనకు తెలుసు. అయినా వాచీ వంక చూస్తూ, తనలో తను నవ్వుకుంటూ, ఇరవై నిమిషాలు వదిలాడు.

ఆయన చేసిన తప్పు అదొక్కటే. పేటలో ఇంకెవరు చేసినా అది తప్పయ్యేది కాదు. ఎందుకంటే ఇంకెవరి నిమిషాలూ అంత నమ్మకమైనవి కావు.

నాలుగో సందు మొదట్లో, మూలింట్లో ఒకావిడ ఉంది. ఆ సందులో చీమ చిటుక్కుమన్నా ఆవిడకు వినబడుతుంది. తొమ్మిదో బిందె నిండాక కూడా కుళాయి ఆగకపోయేసరికి పదో బిందె పెట్టింది. పదోదీ నిండింది. కొంగు దోపుకుని సందు మొత్తం తిరిగింది. మూడో ఇంటామెకు ఆపరేషనైంది. ఐదో ఇంట్లో అందరూ ముసలివాళ్లే. ఆరో ఇంటి పిల్ల పుట్టింటికి వెళ్లింది. ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది గడియారం గారి కోడలు. అంత సులువుగా తేల్చేసింది.

ఆయన పదకొండో సందు ముగించి ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెప్పులు. లోపల ఆడవాళ్లు. భార్య ముఖంలో ఆనందం ఒకవైపు, తనకు చెప్పలేదన్న ఉక్రోషం ఒకవైపు.

"ఏమండీ, ఊరందరికీ నీళ్లతో చాటింపు వేశారు. అత్తను, నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"చల్లగా ఉండాలి తల్లీ" అంటోంది మూలింటావిడ కోడలి చెయ్యి పట్టుకుని. "ఇంకో ఏడాదిన్నర మా సందుకు దిగుల్లేదు."

కోడలు అప్పటికే భుజాన సంచీ వేసుకుని ఉంది. ఫ్యాక్టరీ టైమైపోతోంది. మావగారి వంక ఒక్కసారి చూసింది. కోపంగా చూసి ఉంటే ఆయనకు అర్థమయ్యేది. ఏడుస్తూ చూసినా అర్థమయ్యేది. ఏమీ లేకుండా చూసింది. చెయ్యి విడిపించుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ట్యాంకు దగ్గరికి వచ్చింది. ఆయన మెట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటున్నాడు. పక్కనే పన్నెండో వాల్వు తెరిచి ఉంది. అది సందులది కాదు. ఊళ్లో పెద్దల క్లబ్బులో పచ్చగడ్డి తడిపేది. మధ్యాహ్నం నుంచి నాలుగు గంటలు నడుస్తుంది.

"మీకెవరు చెప్పారు మావయ్యా?"

"ఎవరూ చెప్పలేదమ్మా. చూస్తే తెలిసింది."

"ఎనిమిది వారాలు. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. శుక్రవారం ఆస్పత్రికి రమ్మన్నారు. వద్దనుకుంటే ఆ రోజే అయిపోతుందన్నారు."

ఆయన పుస్తకం మూసేశాడు. "వద్దనుకుంటున్నావా?"

"అదే తేల్చుకుందామనుకున్నాను. శుక్రవారం దాకా టైముంది కదా, నెమ్మదిగా ఆలోచించుకుందామని. మొదటి కాన్పులో ఎంత రక్తం పోయిందో మీకు తెలుసు. మా మిషన్ల వరుసకు నన్ను సూపర్‌వైజరు చేస్తామన్నారు. ఒకసారి వద్దనిపిస్తుంది, ఒకసారి పిల్లకో తోడుంటే బాగుండుననిపిస్తుంది. మిషను మీద కూర్చుని కుట్టుకుంటూ ఆలోచిస్తున్నాను. ఇప్పుడు నా బదులు పన్నెండిళ్లు ఆలోచిస్తున్నాయి. నేను ఉంచుకుంటే మూలింటావిడ బిందెల కోసం ఉంచుకున్నట్టు. తీయించుకుంటే సందు నీళ్లు కొట్టేసినట్టు. ఇక ఏది చేసినా అది నేను చేసింది కాదు."

ఆయన ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "మన ఇంట్లో నీళ్లకేం లోటమ్మా" అన్నాడు.

కోడలు నవ్వింది. "రోజూ అన్నం ముందు మీరు చెప్పేదేంటి? ఇంకా కంటే ఎవరు తాగాలని కదా? నేను వింటూనే ఉన్నాగా."

"అది... జనం సంగతమ్మా. మన సంగతి కాదు."

"జనమంటే నాలుగో సందు కాదా?" అంది. తర్వాత పన్నెండో వాల్వు వైపు చూసింది. లోపల నీళ్లు ఉరుకుతున్న చప్పుడు. "దీనికి ఎన్ని నిమిషాలు?"

"నాలుగు గంటలు."

"మా సందుకు పద్దెనిమిది నిమిషాలు. ఈ గడ్డికి ఎంతమంది పిల్లలు మావయ్యా?"

ఆమె వెళ్లిపోయాక కూడా ఆయన అక్కడే కూర్చున్నాడు. నాలుగు గంటలంటే రెండువందల నలభై నిమిషాలు. పదమూడు సందులు తడుస్తాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ వాల్వు తెరిచింది ఈ చేతులే. మరి ట్యాంకు మెట్టు మెట్టుగా దిగిపోయిందంటే, తను రోజూ తిట్టింది ఎవర్ని? పసిపిల్లల్ని. వాళ్లు తాగేది ఎంత, చెంబెడు. పోనీ పిల్లలది తప్పు కాదంటే కోడలు కనేయచ్చా? అలా అనడానికి తనెవరు? వద్దనడానికి మాత్రం తనెవరు? ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. లోపల్నించి ఒక గొంతు "మనవడో మనవరాలో, రానీ" అంటోంది. ఇంకో గొంతు "ఆ పిల్ల రక్తం పోయిన రోజు గుర్తులేదా" అంటోంది. రెండూ తన గొంతులే.

మంగళవారం ఆఫీసుకెళ్లాడు. పెద్దవాళ్లకు తెలిసి ఉంటుందేమో, ఒక్క మాటలో తేల్చేస్తారేమో అని ఆశ. నోటీసు బోర్డు మీద ఎప్పటిదో వెలిసిపోయిన పోస్టరు. ఇద్దరు చాలు, నీరు మిగులు. దాని పక్కనే కొత్తది, తళతళలాడుతోంది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకొకరిని కనండి.

"ఇందులో ఏది నిజమండీ?" అని గుమాస్తాను అడిగాడు.

"రెండూనూ. కొత్తది అంటించమని ఆర్డరొచ్చింది. పాతది తీయమని రాలేదు."

"మరి జనం ఏం చెయ్యాలి?"

గుమాస్తా ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీ వయసుకు ఈ ప్రశ్న దేనికండీ?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి బయటికొచ్చేశాడు. వస్తూ వస్తూ గేటు దగ్గర ఆగిపోయాడు. ఏడో సందులో ఒకావిడ ఉండేది. పొట్టిగా, ఎప్పుడూ చేతికి పసుపురంగు వాచీ. ఆ రెండు నిమిషాలు అక్కర్లేదన్నా అని చెప్పి వెళ్లింది. ఈయన సరేనమ్మా అన్నాడు. ఆరు నెలలు తిరక్కుండా వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారో అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆమె కడుపు సంగతి సందంతటికీ చెప్పింది ఎవరు? తను. నోటితో కాదు, ఈ రాడ్డుతో. ఇలా ఎంతమందివి చెప్పాడో.

ఇంటికెళ్తే భార్య కోడలికి పాలగ్లాసు పట్టుకుని వెంట తిరుగుతోంది. కొడుకు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వ్యాన్ డ్రైవరు, సంగతి తెలిసి డ్యూటీ మధ్యలో వచ్చాడు.

"నాన్నా, దానికిష్టం లేదేమో అనిపిస్తోంది. అమ్మేమో వినట్లేదు. నేనేం చెయ్యను?"

"నాకూ తెలీదురా" అన్నాడాయన. కొడుకు నోరు తెరిచి చూశాడు. నాన్న నోట ఆ మాట వాడు పుట్టాక వినలేదు.

బుధవారం నీళ్ల రోజు. నాలుగో సందుకు ఎన్ని నిమిషాలు? ఇరవై ఇస్తే కోడలు నలుగురి ముందూ బందీ. పద్దెనిమిదికి ఆపేస్తే, తీయించుకుందని సాయంత్రానికల్లా పేటంతా పాకుతుంది, ఇంకా తీయించుకోకుండానే. పందొమ్మిది ఇద్దామా అని కూడా ఆలోచించాడు పిచ్చి మనిషి. వాచీకి కీ ఇస్తూ ఇస్తూ ఆగాడు. తన నిమిషాలను జనం నమ్ముతారు కాబట్టే ఇదంతా. మరి నమ్మకపోతే?

ఆ నమ్మకం తప్ప ఆయనకు ఆస్తంటూ ఏముంది? కానీ అంతకన్నా దారి కనపడలేదు.

మొదటి సందుకు ఇరవై రెండు నిమిషాలు రావాలి. ముప్ఫై ఇచ్చాడు. జనం ఉన్న బిందెలన్నీ నింపుకుని, బొచ్చెలు కూడా నింపుకున్నారు. రెండో సందులో పదిహేనుకే కట్టేశాడు. ఆడవాళ్లు సబ్బు నురగతోనే బయటికొచ్చారు. మూడో సందును అసలు మరిచిపోయినట్టు దాటి వెళ్లి, పిలిస్తే వెనక్కి వచ్చాడు. నాలుగో సందుకు ఇరవై అయిదు. ఏడో సందుకు వచ్చేసరికి పేటంతా గగ్గోలు. ఒకాయన మీదికొచ్చాడు. "ఏం మావయ్యా, నిద్రపోతున్నావా?" ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నట్టు నటించాడు. జీవితంలో ఒక్క అబద్ధం సరిగా ఆడనివాడు, ఆ రోజు పదకొండు సందులకు సరిపడా ఆడాడు.

తిరిగొచ్చేటప్పుడు నాలుగో సందులో మూలింటావిడ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"ఇవాళ మాకు ఏడు నిమిషాలు ఎక్కువ. కవల పిల్లలా ఏమిటి?"

"నా బొంద పిల్లలు. కళ్లు ఆనట్లేదమ్మా. ముల్లు ఎక్కడుందో తెలీట్లేదు. సోమవారమూ ఇంతే, ఎంత వదిలానో నాకే తెలీదు."

"మరి మీ కోడలూ?"

"దానికేమైంది? కడుపులో బాగాలేదు, తిన్నది పడలేదు. నేను మీకెవరికైనా ఏమైనా చెప్పానా?"

ఆవిడ ఆలోచించింది. నిజమే, ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. "అయ్యో, గడియారం చెడిపోయిందన్నమాట" అంది, జాలిగా.

ఆ మాట సందు దాటి, పేట దాటి, ఆఫీసు చేరింది. గురువారం ఇంజనీరు పిలిపించి మెమో చేతిలో పెట్టాడు. కళ్ల డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే రాడ్డు వేరేవాళ్లకు ఇస్తానన్నాడు. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. వెళ్తూ, "సార్, ఆ పన్నెండో వాల్వు నాలుగు గంటలు..." అని మొదలుపెట్టాడు.

"ముందు మీ నిమిషాలు సరిగా చూసుకోండి" అన్నాడు ఇంజనీరు. చెడిపోయిన గడియారం మాట ఎవరు వింటారు? ఆ సంగతి ముందే తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు.

వాచీ తప్పిందన్న మాట విని భార్య కూడా పాలగ్లాసు పక్కన పెట్టింది. ఆ రాత్రి అన్నాల దగ్గర కోడల్ని మొదటిసారి అడిగింది, "నిజంగా ఏమీ లేదా?" అని. కోడలు అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న సంగతంతా తనే చెప్పింది. ఆవిడ కాసేపు ఏడ్చింది, కాసేపు అలిగింది, చివరికి "నీ ఒళ్లు, నీ ఇష్టం. శుక్రవారం నేనూ వస్తాను, ఒక్కదానివే వెళ్లకు" అంది. గడియారం ఆ పూట జనాభా ఊసెత్తలేదు.

శుక్రవారం కూడా నాలుగో సందుకు మూడు నిమిషాలు ఎక్కువే వదిలి, నీళ్లు పూర్తిచేసి వచ్చేసరికి భార్యా కొడుకూ కోడలూ ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లిపోయారు. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు మధ్యాహ్నం దాకా. అది వాచీ లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. "తాతా, ఇది నడుస్తోందిగా. చెడిపోయిందంటారేంటి అందరూ?" అంది. ఆయన పిల్లకు కీ ఇవ్వడం నేర్పించాడు. వాళ్లు తిరిగొచ్చారు. కోడలు నీరసంగా ఉంది, లోపలికెళ్లి పడుకుంది. ఆయన అడగలేదు. ఈసారి అడగకపోవడం మర్యాదో పిరికితనమో ఆయనకు తెలియలేదు.

ఆదివారం నాలుగో సందు. పద్దెనిమిది దగ్గర పడుతుంటే కోడలు నెమ్మదిగా నడుచుకుంటూ గుంత దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎంతైంది మావయ్యా?"

"పదిహేడున్నర."

"పద్దెనిమిదికి కట్టెయ్యండి. శుక్రవారమే అయిపోయింది." గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం కాస్త ఎర్రగా ఉన్నాయి. "బాగా ఆలోచించుకునే వెళ్లాను. నేనే అనుకున్నాను. మళ్లీ ఎప్పుడైనా కావాలనిపిస్తే, మీకు నేనే వచ్చి చెబుతాను."

"చెప్పేదాకా ఇవ్వనమ్మా" అన్నాడాయన. గుండె మీద బరువు దిగినట్టుంది, ఏదో పోయినట్టూ ఉంది. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక రాడ్డు పట్టుకుని వంగాడు.

కుళాయిలు ఆగాయి. సందు మొదట్లోంచి మూలింటావిడ కేక వేసింది. "ఏమిటిది, ఇవాళ ఇంత తొందరగా ఆపేశారు?"

కోడలు తల దించుకుంది. ఆయన గుంత మూత వేసి, నడుం నిలబెట్టుకుని, సందంతా వినపడేలా చెప్పాడు.

"నా వాచీ తప్పేనమ్మా. కళ్లు ఆనట్లేదని చెప్పాగా."

వాచీలో పద్దెనిమిది నిమిషాలే. ఒక్క సెకను తేడా లేదు.